నాది జాలేనన్న మనిషి

కడుపు పట్టుకొని తెల్లవారుజాము నుంచి ఆస్పత్రి బల్ల మీద కూర్చున్నాడంట. వెనక వచ్చినవాళ్ళనందరినీ "మీరు పోండప్పా, నాదేముందిలే" అని ముందుకు పంపించాడంట. మధ్యాహ్నానికి బల్ల ఖాళీ అయి, ఇంక ముందుకు పంపేందుకు ఎవరూ లేక లోపలికి పోయాడు. మరుసటి రోజు పొద్దున ప్రాణం పోయింది. "పొద్దున్నే చూపించుకొనుంటే బతికేవాడు గదయ్యా, అంతసేపు కూర్చొని ఏం చేస్తాండె?" అని డాక్టరు తల పట్టుకుంటే, బయటున్నవాళ్ళు "మాకు దారి ఇస్తాండె సార్" అన్నారంట.

పులివెందులలో మా గుడివాళ్ళు ఈ సంగతి చెప్పుకొని కండ్లు తుడుచుకున్నారు. "ఎంత తగ్గింపు! ఎంత తగ్గింపు!" అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. తగ్గింపు, అంటే అణకువ, ఏందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా నాయన పెద్దముడియం దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. ఎండలో ఊరూరూ తిరిగి ఏసు వాక్యం చెప్పినవాడు, రోగిష్టివాళ్ళ మలమూత్రాలు ఎత్తినవాడు. తగ్గించుకున్న మనిషి ఎదుటివాళ్ళను చూస్తాడు. ఈయన ఎదుటి మనిషిని చూసిందెప్పుడు? తన్ను తాను తక్కువగా చూసుకోవడానికే ఆయన రెండు కండ్లూ చాలేవి కావు.

ఆయన పేరు చెప్పను. లెక్కల సారు అంటాను, చాలు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నేను జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో చిన్న తరగతులకు టీచరుగా ఉన్నాను. నాకు ఇరవై మూడేండ్లు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు, ముప్పై దాటలేదు. మా మతమే, మా గుడే. మాకంటే వాళ్ళు ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా ఇద్దరి మధ్యా కులం అడ్డమొచ్చిందనో, పెద్దలు అడ్డమొచ్చారనో ఎవరూ అనుకోకూడదు. అడ్డమొచ్చింది ఆయనొక్కడే.

మొదటిసారి చూసింది ప్రొద్దుటూరు నుంచి వచ్చే బస్సులో. సంతరోజు. చెనిక్కాయ మూటలతో కాలు పెట్టే చోటు లేదు. ఒక లావుపాటి రైతు ఎక్కుతూ కిర్రుచెప్పుతో ఈయన పాదాన్ని బలంగా తొక్కాడు. తొక్కినవాడు తిరిగి చూడలేదు. ఈయనే "తప్పయిపాయె మామా, కాలు అడ్డం పెట్టినా" అన్నాడు. "చూసుకోవల్ల గదప్పా!" అని రైతు గద్దించి పోయి కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ పొద్దు నవ్వినదానికి తర్వాత ఎన్నేండ్లు మండిపడ్డానో.

చిన్నతనంలో మశూచి వచ్చి మొగం నిండా మచ్చలు మిగిలాయి ఆయనకు. మొదటి వారం నాకూ కనిపించాయి. రెండో వారం నుంచి కనిపించలేదు. ఆయనకు మాత్రం అద్దం లేకపోయినా కనిపించేవి. ఎవరితో మాట్లాడినా మొగం కొంచెం పక్కకు తిప్పి, చేత్తో చెంప కప్పుకొని మాట్లాడేవాడు. కుర్చీ ఇస్తే దాని అంచున కూర్చునేవాడు, ఎవరో వచ్చి లెమ్మంటే తొందరగా లేవడానికి వీలుగా. పెండ్లిలో బంతి కూర్చుంటే ఆకు ముందు కూర్చున్నవాడల్లా ఎవరైనా నిలబడి ఉంటే లేచేవాడు. ఆఖరి బంతిలో అడుగంటిన అన్నం తిని, "శానా బాగుండాది" అని వంటవాళ్ళకు చెప్పి పోయేవాడు. బడి ఫోటో తీసినప్పుడు అంచున నిలబడి, ఇంకా పక్కకు జరిగి, చివరికి ఒక భుజం, ఒక చెవి మాత్రమే పడ్డాడు. ఆ ఫోటో చూసి అందరూ నవ్వితే ఆయనా నవ్వాడు. "బాగా వచ్చింది. నేను లేకుంటే ఇంకా బాగుండు" అన్నాడు.

మరి ఇట్లాంటివాడి మీద నీకు మనసెట్లా పోయిందని అడుగుతారు. చెప్తాను.

శనివారాలు మా బడికి వచ్చి పెద్ద పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. పక్క గదిలో నేను చిన్నపిల్లల చేత ఎక్కాలు వల్లె వేయిస్తూ గోడకు చెవి ఆనించేదాన్ని. నల్లబల్ల ముందు నిలబడితే ఆయన వేరే మనిషి. చేత్తో గుండ్రం గీస్తే గిన్నె బోర్లించి గీసినట్లుండేది. గొంతు పెద్దదయ్యేది, నడుము నిటారయ్యేది. లెక్క తప్పు చేసిన పిల్లను కొట్టేవాడు కాదు. "తప్పు యాడ మొదలైందో వెనక్కి పోయి నువ్వే పట్టుకో. అది గూడా ఒక లెక్కే" అనేవాడు. లెక్కలంటే వణికే పిల్లలు శనివారం కోసం ఎదురుచూసేవాళ్ళు. ఏ పిల్లనూ ఒక్క మాట తక్కువ చేసి అనలేదు. ఆ పనంతా తన మీదే చేసుకునేవాడు. గంట కొట్టగానే, సుద్దముక్క కింద పెట్టగానే, మళ్ళీ చేయి చెంప మీదికి పోయేది. గంట సేపు కనిపించిన ఆ మనిషి కోసం నేను రెండేండ్లు పోగొట్టుకున్నాను.

మెట్రిక్కు ప్రైవేటుగా కట్టాను. లెక్కలు చెప్పమని అడిగాను. ఒప్పుకున్నాడు, "నాకంటే బాగా చెప్పేటోళ్ళు ఉండారు గానీ" అంటూనే. సాయంత్రం బడి వసారాలో, హాస్టలు చూసుకునే సత్యవేదమ్మ అత్త ఒక మూల చేటలో బియ్యం ఏరుతూ ఉంటే, పాఠం జరిగేది. నాకు లెక్కలు బాగానే వచ్చు. అయినా ఒకే సిద్ధాంతం నాలుగుసార్లు చెప్పించుకున్నాను. అర్థమైంది అంటే ఆయన లేచి వెళ్ళిపోతాడు కదా, అందుకు. అత్తకు సంగతి రెండో రోజే తెలిసింది. బియ్యంలో రాళ్ళు లేకపోయినా చేట దించలేదు ఆమె, పాపం.

అయిదోసారి అడిగినప్పుడు ఆయన పుస్తకం మూసేశాడు.

"టీచరమ్మా, నాకు అర్థమైపాయె" అన్నాడు.

నా మనసు పట్టుబడిందనుకున్నాను. "ఏం అర్థమైంది సార్?"

"మీరు తెలివైనోళ్ళు. అయినా ఎక్కడం లేదంటే లోపం నా చెప్పడంలోనే ఉండాది. ప్రొద్దుటూరులో నాకు తెలిసిన సారొకాయన ఉండాడు. శానా బాగా చెప్తాడు. ఆదివారాలు ఈడికి రమ్మని చెప్పొస్తా."

చెప్పొచ్చాడు కూడా. ఆ వచ్చిన ఆయనకు అరవై ఏండ్లు, ముక్కుపొడుం వాసన. మూడు ఆదివారాలు భరించి, అంతా అర్థమైందని చెప్పి పంపించాను. మా సారుకు ఎంత సంతోషమో! "చూసినారా, నేను చెప్పలే?" అన్నాడు.

ఆ ఏడు క్రిస్మసుకు రెండు చేతిరుమాళ్ళు కుట్టాను. అంచున ఆకుపచ్చ దారంతో తీగ, మూలన చిన్న పువ్వు. పదిహేను రోజులు పట్టింది. ఆరాధన అయినాక, గుడి మెట్ల దగ్గర, కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ చూశాడు.

"ఎవరికియ్యమంటారు?"

నాకు సిగ్గు ముంచుకొచ్చింది. "ఇయ్యాల్సినోళ్ళకే ఇచ్చినాను సార్" అన్నాను.

"ఓ" అన్నాడు, ఎంతో తెలిసినట్లు తలాడించాడు.

మరుసటి ఆదివారం నా రుమాలు డ్రిల్లు మాస్టరు మెడలో ఉంది. పొడుగ్గా, తెల్లగా, జుట్టుకు నూనె పెట్టి వెనక్కి దువ్వుకొని ఉండేవాడు డ్రిల్లు మాస్టరు. మగవాళ్ళ వైపు నుంచి నన్ను చూసి పండ్లన్నీ కనిపించేటట్లు నవ్వాడు. వెనక చాప మీద మా సారు, చేసిన మేలుకు మురిసిపోతూ కూర్చొని ఉన్నాడు. నేను రుమాళ్ళు ఇచ్చిన రోజు మెట్ల దగ్గర నాకు వంద అడుగుల దూరంలో డ్రిల్లు మాస్టరు నిలబడి ఉన్నాడంట. ఒక ఆడపిల్ల పదిహేను రోజులు కూర్చొని కుట్టిందంటే అది వంద అడుగుల దూరంలో ఉన్న అందగాడికే అయి ఉండాలి గానీ, ఎదురుగా చేయి చాచినవాడికి కాదని ఆయన లెక్క. లెక్కల సారు!

ఆ డ్రిల్లు మాస్టరును వదిలించుకోవడానికి నాకు నెల పట్టింది.

పరీక్ష ప్రొద్దుటూరులో పడింది. అత్తా, ఆయనా తోడు వచ్చారు. ఆఖరి రోజు లెక్కల పేపరు. బాగా రాశాను. హోటల్లో ఉగ్గాని తిని బస్సు కోసం కూర్చున్నాం. అత్త మమ్మల్నిద్దరినీ ఒకసారి చూసి, "నేను బజారు దాకా పోయి దారపుండలు తెచ్చుకుంటా, గంటయితాది" అని లేచింది. దారపుండలకు గంట ఎందుకో ఎవరికైనా తెలుస్తుంది. ఆయన "నేను తెచ్చిస్తాలే అత్తా, మీరు ఎండలో యాల?" అని లేవబోయాడు. అత్త ఆయన భుజం పట్టి బలవంతాన కూర్చోబెట్టి పోయింది.

నేను ఇంక సన్నలూ సైగలూ చేయదలుచుకోలేదు. మా కాలంలో ఆడది అడగడమంటే మాటలు కాదు. అయినా అడిగాను.

"సార్, మా నాయనతో మాట్లాడతారా?"

"దేని గురించి?"

"నా పెండ్లి గురించి."

"మాట్లాడతా టీచరమ్మా. ఎవరితోనో చెప్పండి. డ్రిల్లు మాస్టరేనా?"

"మీతో."

ఆయన చేయి చెంప మీదికి పోయింది. కండ్లలో నీళ్ళు తిరిగాయి. నమ్మాడనుకున్నాను. ఆ ఒక్క నిమిషం నేను ఎంత సంతోషంగా ఉన్నానో ఇప్పుడు చెప్పుకోవడానికి కూడా రోతగా ఉంది.

"మీ మనసు దొడ్డది టీచరమ్మా" అన్నాడు. "నా మొగం చూసి అయ్యో అనుకున్నోళ్ళు శానామంది. ఇంతదూరం వచ్చినోళ్ళు ఎవరూ లేరు."

"జాలి కాదు సార్."

"జాలే. మీకు తెల్దు."

"నా మనసులో ఏముందో నాకు తెల్దా?"

"మీరు చిన్నోళ్ళు. రేపు తెల్సుకొని బాధపడతారు. నేను మిమ్మల్ని ఆ పాపంలోకి దించను."

నోరు తెరిచి అడిగిన తర్వాత కూడా నా మనసు నాకు తెలియదంట, ఆయనకు తెలుసంట. అప్పటిదాకా ఆయన తన్ను తాను తక్కువ చేసుకుంటున్నాడని బాధపడేదాన్ని. ఆ రోజు తెలిసింది, ఆయన తక్కువ చేస్తున్నది నన్ను. నేను ఒక మనిషిని ఎంచుకోగలనని, నా కండ్లు కండ్లేనని, నా మాట మాటేనని ఒప్పుకోవడం ఆయన చేత కాలేదు. అంత బతిమాలినా వంగని గర్వం నేను మళ్ళీ ఏ జమీందారులోనూ చూడలేదు.

అంతటితో ఊరుకున్నా మన్నించేదాన్ని. ఆదివారం మా ఊరికి నడిచిపోయాడు, రేగడి చేలకడ్డంగా, మా నాయన దగ్గరికి. తర్వాత మా నాయనే నాకు చెప్పాడు.

"వచ్చి నా కాళ్ళ కాడ కూర్చునె. 'అయ్యా, మీ పాపది లేత మనసు. నా మీద జాలితో ఏదో అనె. తప్పు పట్టద్దండి. తొందరగా మంచి సంబంధం చూడండి' అనె. నేనన్నా, 'అప్పా, నా కూతురు ఊరికే మాటనేది కాదు. నీకిష్టమైతే చెప్పు, నాకేం అడ్డం లేదు' అని. వాడు చెవులు మూసుకునె. తన మొగం, తన ఒళ్ళు, తన గుణం, ఒకటొకటే చెడ్డగా చెప్పుకుంటా పోయె. గంట సేపు! నేను గొర్రెల సంతలో గూడా ఇన్ని వంకలు వినలేదు తల్లీ."

"మరి నువ్వేమంటివి నాయనా?"

"పో నాయనా అంటి. తన్ను తానే ఒద్దనుకునేటోనికి నిన్ను యా నమ్మకంతో ఇయ్యల్ల?"

మా ఊరి నుంచి తిరిగొచ్చి ఇంకో ఘనకార్యం చేశాడు. నా మీద ఎవరైనా మాట వేస్తారేమోనని ముందుగానే మా బడి పెద్ద టీచరమ్మ దగ్గరికి పోయి, "ప్రొద్దుటూరు బస్టాండులో టీచరమ్మ నాతో ఒక మాట అన్నది, అందులో ఆమె తప్పేమీ లేదు" అని నాకోసం వాదించాడు. అప్పటిదాకా ఆ మాట మా ఇద్దరికీ, మా నాయనకూ, అత్తకూ తప్ప మనిషికి తెలియదు. రెండు రోజుల్లో జమ్మలమడుగంతా తెలిసింది. బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి బిందెలు అడ్డం పెట్టుకొని నవ్వారు. "ఆ మచ్చల మొగమోడు గూడా ఒద్దనెనంట" అని ఒకామె నాకు వినపడేటట్లే అన్నది. పెద్ద టీచరమ్మ మంచిదే. "కొన్నాండ్లు దూరంగా ఉండు తల్లీ" అని నన్ను పులివెందుల వైపు ఒంటి టీచరు బడికి పంపింది. మెట్రిక్కు ప్యాసయ్యాను. పై చదువుకు మదనపల్లె పోవాలనుకున్నాను. ఆ ఊసెత్తడానికి తర్వాత ఎవరికీ మొగం చెల్లలేదు, మా నాయనకూ, నాకూ.

నేను ఊరు వదిలే రోజు బస్సు దగ్గరికి వచ్చాడు. నా ట్రంకుపెట్టె మోయడానికి. కూలివాడిని పక్కకు జరిపి, తన తలమీద పెట్టుకొని, నిచ్చెన ఎక్కి బస్సు పైన పెట్టి దిగాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"అంతా మీ మంచికే టీచరమ్మా" అన్నాడు.

నాకు అప్పటిదాకా ఆయన్ను మీరు అనే అలవాటు. ఆ పూట నోట్లోంచి నువ్వు అనే వచ్చింది. "ఇదో, విను. నీ మొగం చూసి నాకు ఏ పొద్దూ అసయ్యం పుట్టలేదు. ఈ పొద్దు పుట్టింది. మొగం చూసి కాదు, నిన్ను చూసి."

బాధపడతాడనుకున్నాను. కోపం తెచ్చుకున్నా సరే అనుకున్నాను. ఆయన మొగంలో నేను చూసింది ఊరట. ఏండ్ల తరబడి తాను చెప్తున్న మాటను చివరికి ఒకరు ఒప్పుకున్నారని, పరీక్షలో జవాబు సరిపోయిన పిల్లాడిలాగా, చిన్నగా నవ్వాడు. "అదే గదమ్మా నేను చెప్తాండేది" అన్నాడు. బస్సు కదిలింది. నేను తిరిగి చూడలేదు.

తర్వాత నాకు పెండ్లయింది. పులివెందులలో సహకార సంఘంలో గుమస్తా. పొద్దున లేచి అద్దం ముందు పావుగంట మీసం దువ్వుకునే మనిషి. నేను నవ్వితే అది తన కోసమే అనుకుంటాడు. సగంసార్లు కాదు. అయినా ఆయనతో సుఖంగానే ఉన్నాను. నవ్వును నవ్వుగా తీసుకునే మనిషి పక్కనుంటే ఎంత తేలికో, ముందు ఇంకొకరిని చూసినదానికే తెలుస్తుంది.

కొన్నేండ్లకు లెక్కల సారు బదిలీ మీద పులివెందులకే వచ్చాడు. అప్పటికి ఆయనకూ పెండ్లయింది. ఆమె పేరు సుగుణమ్మ, కాన్పులు చేసే నర్సు. గుడిలో కనిపిస్తే ఆయన రెండు చేతులూ జోడించేవాడు, నేను తల పక్కకు తిప్పుకునేదాన్ని. అంతకుమించి ఎనిమిదేండ్లలో ఒక్క మాట లేదు.

సారు చనిపోయిన రోజు పోకూడదనుకున్నాను. మా ఆయనే "ఒకే గుడివాళ్ళం, పోకుంటే బాగుండదు" అని పంపించాడు. ఇంటినిండా జనం. ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలు గోడ వెంబడి నిలబడి నిజంగానే ఏడుస్తున్నారు. శవపెట్టె నడి ఇంట్లో ఉంది. సుగుణమ్మ దాని పక్కన గోడకానుకొని, కంట్లో చుక్క లేకుండా కూర్చొని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

"నువ్వేనా అక్కా, జమ్మలమడుగు టీచరమ్మవు?" అని మెల్లగా అడిగింది.

అవునన్నాను.

"నీ మాట శానాసార్లు చెప్పేటోడు. 'రేపు దేవుని ముందర నిలబడితే చూపిచ్చుకునేదానికి నాకు ఒగటే ఉండాది. ఒక టీచరమ్మ జాలితో తన బతుకు తెచ్చి నా చేతిలో పెట్టబోతే, తీసుకోకుండా కాపాడినా' అని. అది చెప్పేటప్పుడు మాత్రం మొగం మీద చెయ్యి పెట్టుకోకుండె."

ఏండ్లపాటు నేను మోసిన నగుబాటు ఆయనకు పుణ్యమైంది. తనకు ఏమీ లేదు, ఏమీ లేదు అంటూ తిరిగిన మనిషి నన్ను కాదనడాన్ని మాత్రం ఒక పతకంలాగా దాచుకున్నాడు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. సుగుణమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నన్ను చేసుకునింది గూడా నాకు వేరే గతి లేదనే అక్కా. నాకు రెండు సంబంధాలొచ్చె. ఒద్దని నేనే పాస్టరయ్యను పంపిస్తి, ఈయన్ను అడగమని. చెప్తే నమ్మలే. తొమ్మిదేండ్లు దినమ్మూ చెప్తి. అన్నం పెడితే జాలి. జరమొచ్చి పక్కన కూర్చుంటే జాలి. నవ్వితే జాలి. రోంత కాలానికి నాకే అనుమానమొచ్చె, నాది గూడా జాలేనేమోనని." ఆమె నా మొగంలోకి చూసింది. "నువ్వు చెప్పక్కా. నీది జాలేనా?"

ఇల్లంతా జనం ఉన్నారు. నా వెనకనే జమ్మలమడుగు నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. నేను గొంతు తగ్గించలేదు.

"కాదు" అన్నాను. "జాలి కానే కాదు. నాదీ కాదు, నీదీ కాదు."

అందరూ మా వైపు తిరిగారు. సుగుణమ్మకు పొద్దుటినుంచి రాని ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నా చేయి వదిలేసి, మోకాళ్ళ మీద పెట్టె దగ్గరికి జరిగి, దాని అంచు రెండు చేతులా పట్టుకొని వంగి ఆయన మొగం మీద అరిచింది.

"ఇన్నావా? ఇద్దరం చెప్తాండాం. ఇప్పుడన్నా ఇన్నావా?"